కాయ పండిందని ఎవరు చెప్పాలి?

చర్ల, దుమ్ముగూడెం, చింతూరు వైపు కోయ గూడేల్లో పందిళ్ల మీద చిక్కుడు గుత్తులు గుత్తులుగా వేలాడే కాలం ఒకటుంది. గింజ కట్టి, కూరకు చక్కగా అందివచ్చిన కాయ. అయినా ఆచారం పాటించే ఇంట్లో దాన్ని ఎవరూ తెంపరు. ముందు చిక్కుడు పండుగ కావాలి. ఊరి పెద్దలు, పూజారి కూర్చుని రోజు ఖాయం చెయ్యాలి. కొత్త కాయను నేలతల్లికీ, కాలం చేసిన ఇంటి పెద్దలకూ పెట్టాలి. ఊరంతా ఒక్కరోజే తినాలి. ఆ తర్వాతే ఎవరి పొయ్యి మీదికైనా చిక్కుడు ఎక్కుతుంది. తీగ తన పని ముగించుకున్నా, ఊరు ఔననేదాకా ఆ కాయ ఇంకా తినే కాయ కాదు.

ఇలాంటి పండుగను కోయ మాటలో ‘పండుం’ అంటారు. చిక్కుడుకొకటి, విత్తనానికొకటి, ఇప్పపూవుకొకటి, కొత్త ధాన్యానికొకటి. తెలుగు చెవికి ఆ మాట కొత్తగా తోచదు. పండు, పండుగ, పంట అన్నీ ఒక్కసారిగా గుర్తొస్తాయి. గోదావరికి అటూ ఇటూ ఉన్న ఈ అడవి అంచున ‘పండు’ అనే చిన్న క్రియకు ఎంత బరువుందో, ఆ బరువు ఎక్కడి నుంచి వచ్చిందో వెతికితే భాషా చరిత్ర, అడవి చరిత్ర, సర్కారు చరిత్ర ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ కనిపిస్తాయి.

ముందు తెలుగు సంగతి. మామిడి పండుతుంది, చేను పండుతుంది. అంతటితో ఆగదు. గోరింటాకు పెట్టుకున్న చెయ్యి పండుతుంది. తాంబూలం వేసుకున్న నోరు పండుతుంది. నెరిసిన తల పండిన తల. నోము పండుతుంది, కడుపు పండుతుంది, చివరికి పాపం కూడా పండుతుంది. సినిమా సమీక్షకులు సన్నివేశం పండిందనో, హాస్యం పండలేదనో రాస్తారు. అష్టాచెమ్మా ఆడే పిల్లలకైతే గవ్వల లెక్క ప్రకారం గళ్లన్నీ చుట్టి నడిమింట్లోకి చేరిన కాయ ‘పండు’. అంతవరకూ దాని పేరు కాయే. ఏ పండితుడూ నేర్పకుండానే మన పిల్లలు ఒక ఆటలో కాయకూ పండుకూ మధ్య ఉన్న ప్రయాణాన్ని ఆడి చూపిస్తున్నారు.

ఈ వాడుకలన్నిటికీ ఒక ఉమ్మడి గుణం ఉంది. లోపల ఏదో జరగాలి, దానికి కాలం పట్టాలి, ఆ తర్వాత బయటికి ఒక గుర్తు కనబడాలి. పసుపో, ఎరుపో, తెలుపో. తొందరపెడితే జరిగే పని కాదది. అందుకే ఇది అకర్మక క్రియ. పండేది పంట, మనిషి కాదు. మనిషి వాటా చెప్పాలంటే ‘ఇంచు’ చేర్చి పండించు అనాలి. రైతు పండిస్తాడు, చేను పండుతుంది. అడవిలో కాసేవాటికి ఆ ‘ఇంచు’ కూడా ఉండదు. ఇప్పను, తునికిని, మొర్రిని ఎవరూ పండించరు. అవి పండుతాయి, మనుషులు ఏరుకుంటారు. ఏరుకునేవాళ్ల నాలుక మీద పిందె, పచ్చికాయ, దోరకాయ, పండు, మిగలపండు అన్నవి ఒక్కొక్కటీ ఒక్కో దశకు పేరు. ఒక దశలో పనికొచ్చేది మరో దశలో పనికిరాదు. తాటికాయ లేతగా ఉన్నప్పుడు ముంజ, ముదిరితే పండు, ఆ టెంకను పాతిపెడితే తేగ.

తెలంగాణ పల్లెల్లో ఈ మాట మరో అర్థంలో కూడా వినబడుతుంది. ‘పిల్లగాడు పండిండు’ అంటే పడుకున్నాడని. పంట పండింది, పాప పండింది అన్న రెండు వాక్యాలు పక్కపక్కనే వినిపిస్తే ఒకే క్రియ అనిపిస్తుంది గానీ, ఈ రెండోది ‘పడు’కు చుట్టం. ఒకే రూపానికి చేరిన రెండు వేర్వేరు ధాతువులివి. ఇక్కడ చెప్పుకుంటున్నది మొదటిదాని కథ.

దాని పుట్టుక చాలా పాతది. తమిళంలో పక్వమైన ఫలం ‘పళం’. ఆ చివరి ‘ళ’ మనం పలికే ళ కాదు, నాలుకను బాగా వెనక్కి మడిచి పలికేది. ప్రాచీన తెలుగు శాసనాల్లో ఆ ధ్వనికి విడిగా ఒక అక్షరమే ఉండేది, తర్వాత ధ్వనీ పోయింది, అక్షరమూ పోయింది. కన్నడంలో ‘పణ్’ అన్న పాత రూపం కాలక్రమాన ‘హణ్ణు’ అయింది. తెలుగులో ఆ మడిచిన ధ్వని దాని వెనకే వచ్చిన న-ద జంటలో కలిసిపోయి ‘ండ’గా తేలింది. పండు అలా వచ్చింది. గోండీలోనూ కోయలోనూ ధాతువు ‘పండ్’ అనే ఉంది. అంటే ఈ విషయంలో తెలుగు దక్షిణాన ఉన్న తమిళ, కన్నడాల కంటే ఉత్తరాన అడవుల్లో ఉన్న గోండీకి దగ్గరగా నిలుస్తుంది.

ఇది ఒక్క మాటకు తగిలిన పోలిక కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి 1961లో ‘తెలుగు వెర్బల్ బేసెస్’ ప్రచురించి తెలుగు క్రియాధాతువులను తక్కిన ద్రావిడ భాషలతో ఒక్కొక్కటిగా పోల్చి చూశారు. తెలుగును గోండీ, కొండ, కుయి, కువి, పెంగో, మండ భాషలతో కలిపి దక్షిణ మధ్య ద్రావిడ శాఖగా గుర్తించడంలో ఆయన కృషి ప్రధానమైనది. కావ్యాలూ ప్రబంధాలూ ఉన్న తెలుగుకు తోబుట్టువులెవరంటే రాత సంప్రదాయం అంతగా లేని ఈ కొండభాషలే. కోయవాళ్లు తెలుగు మాటలు అరువు తెచ్చుకున్నారని మైదానంలో తేలిగ్గా అనేస్తుంటారు. తెచ్చుకున్నవి చాలానే ఉన్నాయి, నిజమే. కానీ ‘పండ్’ లాంటి ధాతువుల విషయంలో ఆ మాట చెల్లదు. అది రెండిళ్లకూ తాతలనాటి ఉమ్మడి ఆస్తి.

కోయ భాషను కాగితం మీద పెట్టే పని గోదావరి ఒడ్డునే మొదలైంది. ఎగువ గోదావరిలో పడవల రాకపోకలకు ఆనకట్టలు కడుతున్న రోజుల్లో దుమ్ముగూడెం ఇంజినీర్ల స్థావరం. అక్కడే చర్చ్ మిషనరీ సొసైటీ తరఫున పనిచేసిన జాన్ కెయిన్ కోయలతో కలిసి బతికి, వాళ్ల మాటనూ ఆచారాలనూ రాసిపెట్టాడు. భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి ‘ఇండియన్ యాంటిక్వరీ’లో వ్యాసాలు రాశాడు. 1881లో రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో కోయల మీద అతని వ్యాసం వచ్చింది. 1906లో వెలువడిన భారత భాషా సర్వే నాలుగో సంపుటం కోయను గోండీ మాండలికంగా లెక్కగట్టింది. ఆ తర్వాత చాలాకాలానికి స్టీఫెన్ టైలర్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త ఏటి ఒడ్డు కోయల, అంటే గొమ్ము కోయల మాటకు వ్యాకరణం రాశాడు. అది 1969లో అచ్చయింది. గుట్టల మీద ఉండే కోయల పలుకు దానికి కొంత తేడాగా ఉంటుంది. 2011 జనగణనలో కోయను మాతృభాషగా చెప్పినవాళ్లు దేశం మొత్తం మీద 4 లక్షల 7 వేల మంది.

మరి పండుం? ‘పండ్’ అనే క్రియే ‘పండుం’ అయిందా, మన పండుగ కూడా పండు నుంచే వచ్చిందా అంటే, ధ్వని పోలికను చూసి చుట్టరికం కట్టెయ్యడం భాషాశాస్త్రం ఒప్పుకునే పద్ధతి కాదు. ఈ ధాతువు విషయంలో దూరాలకు పోయినవాళ్లూ ఉన్నారు. సంస్కృతంలోకి వెళ్లిన ద్రావిడ పదాలను వెతికిన థామస్ బరో ‘పండిత’ శబ్దాన్ని కూడా ఈ పండుతోనే ముడిపెట్టాడు. తలపండిన మనిషి అనే మన నానుడి పక్కన పెట్టి చూస్తే ఆ ఆలోచన ముచ్చటగానే ఉంటుంది, అందరూ ఒప్పుకున్నది మాత్రం కాదు. పండుం సంగతిలో నిఘంటువు కంటే ఆచారమే గట్టి సాక్షి. రెండు మాటలూ ఒకే వేరు నుంచి వచ్చినా రాకపోయినా, కోయ గూడెం వాటిని విడదీయరాకుండా ముడివేసింది. పండుం కానిదే పండినట్టు కాదు.

ఆ ముడి ఎందుకు పడిందో పోడు చేను చెబుతుంది. గుట్ట వాలులో ఒక చెక్క ఎంచుకుని పొదలూ చిన్న చెట్లూ నరికి, ఎండ ముదిరేదాకా ఆరబెట్టి, వానలకు ముందు తగలబెడతారు. ఆ బూడిదలో విత్తనాలు పడతాయి. రెండు మూడేళ్లు సాగు చేసి, నేల సారం తగ్గగానే వదిలేసి మరో చెక్కకు పోతారు. వదిలిన చోట అడవి మళ్లీ లేస్తుంది. ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, పోడులో ఒకే పంట ఉండదు. జొన్న, సామ, కొర్ర, మొక్కజొన్న, కంది, అనుములు, చిక్కుడు, గుమ్మడి అన్నీ ఒకే నేలలో కలిసి పెరుగుతాయి. ఒకటి వానల్లోనే చేతికొస్తుంది, మరొకటి మంచు దిగాక, ఇంకొకటి మాఘం దాటాక. చేను ఒక్కరోజులో పండదు, నెలల తరబడి వంతులవారీగా పండుతుంది. ఆ వంతుల పట్టికే పండుంల పట్టిక. వరి ఒక్కటే వేసే మైదానపు రైతుకు సంక్రాంతి ఒక్కటి సరిపోయింది. కలగలుపు చేను ఉన్నవాడికి అన్ని పండుగలు కావాల్సి వచ్చాయి.

వేసవి మొదట్లో ఇప్పపూవు తెల్లవారుజామున రాలుతుంది. దానికొక పండుం. ఎండలు ముదిరాక విజ్జ పండుం, అంటే విత్తనాల పండుగ. దుక్కి మొదలుపెట్టే ముందు, ఇంట్లో దాచిన విత్తనాలను ఊరి దేవత ముందు పెట్టి మళ్లీ పంచుకునే సందర్భమది. తొలకరికి ముందు భూమి పండుం. మగవాళ్లంతా విల్లంబులతో వేటకు పోతారు. ఉత్త చేతులతో తిరిగొస్తే ఆడవాళ్ల ఎత్తిపొడుపులు తప్పవు. ఆ పండుగ రోజుల్లో చింతూరు దారుల్లో ఆడవాళ్లు తాడు అడ్డం పట్టి, వచ్చేపోయే బండ్లను ఆపి, పాటలు పాడి డబ్బులు అడగడం ఇప్పటికీ కనబడుతుంది. వానల నడుమ ఆకుకూరలకూ కొత్త కాయగూరలకూ పచ్చ పండుగ. ఆ తర్వాత చిక్కుడు, కొత్త వడ్లు. తెలుగే ఇంటిభాషగా ఉన్న కోయలు వీటిని కొత్తల పండుగలంటారు. పాపికొండల వైపు కొండరెడ్లది మొదటినుంచీ తెలుగు మాటే. వాళ్లకు మామిడి కొత్త, కంది కొత్త ఉన్నాయి. 1945లో వచ్చిన ‘ద రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్’ అనే పుస్తకంలో మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ కొండరెడ్ల పోడునూ వాళ్ల తొలిఫలాల పూజలనూ కళ్లకు కట్టినట్టు వర్ణించాడు. భాష వేరైనా నియమం ఒకటే. మొదటి ముద్ద నేలతల్లిది, రెండోది పెద్దలది, ఆ తర్వాతే మనిషిది.

దీన్ని భక్తిగా మాత్రమే చూస్తే సగమే చూసినట్టు. మొర్రి చెట్టు సంగతి తీసుకోండి. మొర్రి పండు లోపలి గింజ పగలగొడితే వచ్చేది సారపప్పు, సంతలో మంచి ధర పలికే సరుకు. కాయ పూర్తిగా పండకముందే దులిపేస్తే పప్పు చిన్నగా ఉంటుంది, కింద పడి మొలిచే విత్తనమూ ఉండదు. కానీ నేను ఆగితే పక్కవాడు దులుపుకుపోతాడన్న భయం ఒకటి ఉంది. ఆ భయానికి మందు అందరూ ఒక్కరోజే మొదలుపెట్టడం. పండుం చేసే పని సరిగ్గా అదే. మామిడికీ ఉసిరికీ కూడా ఆ లెక్కే వర్తిస్తుంది. ఏ అటవీ అధికారీ కాపలా కాయనక్కర లేకుండా, చెట్టు పండేదాకా చెయ్యి ఆపుకోవడం ఊరు తనకు తాను విధించుకున్న కట్టుబాటు. సంత ధరలు వేగంగా మారే చోట, బయటి వ్యాపారి ముందే బయానా ఇచ్చే చోట ఆ కట్టుబాటు సడలింది. 1956లో మొదలైన గిరిజన సహకార సంస్థ చింతపండు, ఇప్పపూవు, సారపప్పు లాంటివి కొనడం మొదలుపెట్టాక మోసపు తూకాల నుంచి కొంత రక్షణ దొరికిన మాట నిజమే. ఏ రోజున కోత మొదలెట్టాలో చెప్పే అధికారం మాత్రం ఏ సంస్థకూ లేదు. అది గూడెం చేతిలో ఉన్నంతవరకే ఉంది.

అధికారం మాట వచ్చింది గనక, ఈ నేల ఎన్ని చేతులు మారిందో చూడాలి. 1860లో నిజాం నుంచి ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చిన భద్రాచలం, రేకపల్లి తాలూకాలు మొదట సెంట్రల్ ప్రావిన్సెస్‌లోని ఎగువ గోదావరి జిల్లాలో ఉండేవి. అప్పుడు పోడుకు పన్ను గొడ్డలి లెక్కన. గొడ్డలికి నాలుగణాలు కడితే ఆ గొడ్డలితో నరుక్కోగలిగినంత నరుక్కోవచ్చు. పంట ఎంతో, ఎకరాలెన్నో ఎవరూ కొలవలేదు. 1874లో ఈ తాలూకాలను మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాకు మార్చారు. కొత్త దొరలు పన్ను పెంచారు, కొన్ని అడవుల్లో పోడే కుదరదన్నారు. 1879లో రంపలో రగిలిన తిరుగుబాటు రేకపల్లికి అంటుకోవడానికి ఈ పోడు పన్నులూ ఆంక్షలూ పెద్ద కారణం. 1882 మద్రాసు అటవీ చట్టం రిజర్వు అడవుల గీతలను మరింత గట్టిపరిచింది. గీత పడిన చోట పోడు చెయ్యడమే నేరమైంది. పోడు ఆగితే కలగలుపు చేను ఆగుతుంది, చేను ఆగితే దాని వెంట నడిచే పండుంలు చిక్కిపోతాయి. అటవీ దస్త్రాల్లో చెట్ల లెక్క ఉంటుంది, కలప లెక్క ఉంటుంది. ఈ నష్టానికి వాటిలో పద్దు లేదు.

ఆ తర్వాత కూడా తాలూకా కదులుతూనే ఉంది. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ తర్వాత 1959లో భద్రాచలం తూర్పు గోదావరి నుంచి ఖమ్మం జిల్లాకు వచ్చింది. 2014లో పోలవరం ముంపు పేరుతో కూనవరం, చింతూరు, వరరామచంద్రాపురం సహా ఏడు మండలాల ఊళ్లు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది. 2016లో ఖమ్మం నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా వేరుపడింది. కోయల గట్లు, అంటే వాళ్ల గోత్ర కూటములు, ఈ సరిహద్దులేవీ చూసి ఏర్పడినవి కావు. పిల్లనిచ్చిన ఊరు ఒక రాష్ట్రంలో, కొత్తలు తినడానికి పిలిచే ఊరు మరో రాష్ట్రంలో.

భద్రాచలం అనగానే లోకానికి గుర్తొచ్చే రామాలయం కథలోనూ పండే మొదట వస్తుంది. కంచర్ల గోపన్న గుడి కట్టించడానికి ముందే, పోకల దమ్మక్క అనే అడవిబిడ్డ పుట్టలో ఉన్న రాముణ్ని గుర్తించి, పందిరి వేసి, రోజూ తాటిపండు నైవేద్యం పెట్టిందని స్థలపురాణం. గుడికి రాకముందు దేవుడికి దొరికింది వండిన ప్రసాదం కాదు, చెట్టున పండి రాలినది. కాస్త దిగువన కూనవరం దగ్గర గోదావరిలో కలిసే ఏరు పేరు శబరి. వాల్మీకి రామాయణంలో శబరి అడవి ఫలాలు సమర్పించింది గానీ కొరికి చూసినట్టు లేదు. కొరికి, పండినవాటినే రాముడికి పెట్టిందన్నది జనం చేర్చుకున్న కథ. జనం దాన్ని వదలకపోవడంలో అర్థముంది. పండిందో లేదో తేల్చగలిగేది అడవిలో పుట్టిన మనిషేనన్న నమ్మకం అందులో ఉంది.

ఇవాళ భద్రాచలం నుంచి పాల్వంచ వైపు వెళ్తే కంటికి అడ్డంపడేవి జామాయిల్ తోటలు. ఏటి అవతల సారపాకలో 1979లో ఉత్పత్తి మొదలుపెట్టిన కాగితం మిల్లుకు కలప కావాలి. జామాయిల్‌ను కొన్నేళ్లకొకసారి నరుకుతారు. పూసిందా కాసిందా అన్న ప్రశ్నే లేదు, లావు చాలితే చాలు. ‘జామాయిల్ పండింది’ అని ఎవరూ అనరు, దానికి పండుమూ లేదు. ఇక చేలల్లోని పత్తి పండుతుంది, కానీ తినేది కాదు. మొదటి దూది మూట పోయేది నేలతల్లి ముందుకు కాదు, అప్పు పెట్టిన దుకాణానికి. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చాక, ముఖ్యంగా 2023 జూన్ చివర తెలంగాణ ప్రభుత్వం నాలుగు లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలు పంచడం మొదలుపెట్టాక, ఒకప్పుడు నేరం అనిపించుకున్న సాగుకు కాగితం దొరికింది. ఇది న్యాయమే, ఆలస్యంగా వచ్చిన న్యాయం. పట్టా దొరికిన చెక్క మాత్రం ఇక కదలదు. వదిలేసి, అడవి తిరిగి లేచేదాకా ఆగడానికి వీలుండదు. ఏటేటా అదే నేల, ఎక్కువ చోట్ల అదే పత్తి. హక్కు నిలబడింది, ఆ హక్కు ఏ సాగు కోసం అడిగారో ఆ సాగు మారిపోయింది.

భాష వైపు ఒక ప్రయత్నం జరిగింది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కోయతో కలిపి ఎనిమిది గిరిజన భాషల్లో ఒకటో తరగతి నుంచి తల్లిభాషలో చదువు చెప్పే కార్యక్రమం మొదలుపెట్టింది. పాఠ్యపుస్తకాలను తెలుగు లిపిలో అచ్చువేశారు. చాలామంది కోయ పిల్లలు తమ మాటను మొదటిసారి అచ్చులో చూసుకున్నది ఆ పుస్తకాల్లోనే. అలాంటి పుస్తకాలు ఇంకా చాలా రావాలి. వాటితో పాటు కోయ క్రియలకొక మంచి నిఘంటువు రావాలి. అందులో ‘పండ్’ ఎదురుగా పక్వమగు అని ఒక్క అర్థం రాసి వదిలెయ్యకుండా, ఏ కాయకు ఏ పండుం, ఏ గూడెంలో ఎప్పుడు, ఎవరు చెప్పాక తెంపుతారో కూడా రాయాలి. ఆ వివరాలు చెప్పగల ముసలివాళ్లు దుమ్ముగూడెం, చర్ల, చింతూరు గూడేల్లో ఇంకా ఉన్నారు. భద్రాచలంలో గిరిజన సంక్షేమానికి సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ ఉంది, కోయ తెలిసిన ఉపాధ్యాయులు ఉన్నారు, కాలేజీ చదువుతున్న కోయ పిల్లలు వందల్లో ఉన్నారు. ఈ పని వాళ్లతోనే మొదలుపెట్టవచ్చు.